శుభవార్త ముందు ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో ఉంటున్నాం. హైస్కూల్లో కలిసి చదువుకున్న ఆరుగురు స్నేహితురాళ్ళం ఇన్నేళ్ళయినా విడిపోలేదు. వాట్సాప్‌లో మాకొక గ్రూపు ఉంది. పిల్లల చదువులు, ఉద్యోగాలు, సంబంధాలు, ఇంటి పనులు అన్నీ అందులోనే చెప్పుకుంటాం. వాళ్ళలో నాకు అందరికంటే దగ్గరైన ఆవిడ వశిష్ఠ గోదావరి పాయకు అవతల, మలికిపురం వైపు ఉంటుంది. చించినాడ వంతెన లేని రోజుల్లో నరసాపురంలో పంటు ఎక్కి గోదావరి దాటి మరీ ఒకరి పురుళ్ళకు ఒకరం తోడున్నాం. రెండేళ్ళుగా ఆవిడ ఇంట్లో పరిస్థితులు బాగాలేవు. వాళ్ళాయన లీజుకు తీసుకున్న రొయ్యల చెరువులు వైరస్‌తో పోయి అప్పులు మిగిలాయి. ఒక్కగానొక్క కూతురు అత్తవారితో పడక పుట్టింటికి వచ్చేసింది, విడాకులు కూడా అయ్యాయి. ఆ పిల్ల ఇప్పుడు నరసాపురంలో ఎవరితోనో కలిసి ఏదో లేసు పని చేయిస్తోందట.

ఇదే సమయంలో దేవుడి దయవల్ల మాకు అన్నీ కలిసొచ్చాయి. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. పాత పెంకుటిల్లు తీసేసి డాబా కట్టుకున్నాం, మాఘమాసంలో గృహప్రవేశం. పెళ్ళయిన నాలుగేళ్ళకు మా అమ్మాయికి నెల తప్పింది, ఇప్పుడు ఆరో నెల. ఈ కబుర్లు మిగతా నలుగురికీ చెప్పాను కానీ ఆవిడకు చెప్పలేకపోయాను. గ్రూపులో పెట్టకుండా విడివిడిగా ఫోన్ చేసి, "దానికి చెప్పకండే, బాధపడుతుంది" అన్నాను. ఐదో నెలలో అమ్మాయికి చలిమిడి పెట్టినప్పటి ఫోటోను ఒకావిడ పొరపాటున గ్రూపులో పెట్టేసింది. "శుభాకాంక్షలు" అని ఒక్క మాట, దాని కింద పూలగుత్తి బొమ్మ ఆవిడ దగ్గర నుంచి వచ్చాయి. ఆ తరువాత ఫోన్ ఎత్తడం లేదు. ఏటా కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో అందరం కలుస్తాం. ఈసారి ఆవిడ రాలేదు.

మావారు "చెప్పకపోవడమే మంచిదయింది, దిష్టి తగలకుండా పోయింది" అంటున్నారు. ఒక స్నేహితురాలేమో "ఆవిడ కోసం నీ సంతోషం దాచుకుంటావా, చూసి ఓర్వలేకపోతే అది ఆవిడ తప్పు" అంటోంది. ఆవిడ మనసు నొప్పించకూడదనే నేను దాచాను. ఇప్పుడు గృహప్రవేశానికి పిలవాలా? పిలిస్తే పుండు మీద కారం చల్లినట్టు ఉంటుందేమో, పిలవకపోతే ఇక తెగిపోతుంది. స్నేహితుల దగ్గర మంచి కబురు చెప్పుకోవడం కూడా ఇంత కష్టమా?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన దానికి ముందు సూటిగా జవాబు చెబుతాను. పిలవాలి. అయితే మీరూ మీవారూ కార్డు పట్టుకుని వెళ్ళే రోజుకు ముందే, వీలైతే ఒక వారం ముందు, చేతిలో కార్డు లేకుండా మీరు ఒక్కరే చించినాడ వంతెన దాటి ఒకసారి వెళ్ళి రావాలి. ఆ మొదటి ప్రయాణం లేకుండా పిలుపుకు మాత్రమే వెళితే ఆవిడ మర్యాదకు వస్తుంది, భోజనం చేస్తుంది, వియ్యాలవారి చుట్టాలతో మాట్లాడినంత పొడిగా నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతుంది. మీరు భయపడుతున్న తెగిపోవడం అప్పుడే పూర్తవుతుంది.

మీ ఉత్తరమంతా ఒక నమ్మకం మీద నడిచింది. మీ ఇంటి శుభాలు వింటే ఆవిడ బాధపడుతుందని అనుకున్నారు, అందుకే దాచానన్నారు, ఇప్పుడు ఫోన్ ఎత్తకపోవడానికి కూడా అదే కారణమని అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ఆవిడ వైపు నుంచి ఒకసారి చూడండి. ఫోన్‌లో అనుకోకుండా ఒక ఫోటో కనిపించింది. చలిమిడి పెట్టించుకుంటున్న మీ అమ్మాయి అందులో ఉంది. ఐదో నెల వచ్చిందంటే కబురు ఇంట్లో తెలిసి ఎన్నాళ్ళయి ఉంటుందో, మీ పురుళ్ళకు తోడున్న మనిషికి వేరే చెప్పనక్కరలేదు. ఆ నెలల్లో మీరు తనతో మాట్లాడిన మాటలన్నీ ఆవిడ ఒక్కొక్కటిగా తిరగేసుకుని ఉంటుంది. అమ్మాయి ఎలా ఉందని తాను అడిగినప్పుడు మీరు "బాగానే ఉంది" అని మాట మార్చిన సందర్భం, తాను గ్రూపులోకి రాగానే మిగిలినవారు వేరే సంగతి ఎత్తుకున్న సందర్భం, అప్పుడు మామూలుగా కనిపించినవన్నీ ఇప్పుడు వేరుగా కనిపించి ఉంటాయి. నలుగురికీ తెలుసు, తనకు చెప్పవద్దని నలుగురూ అనుకున్నారు, అనుకోమన్నది ప్రాణానికి ప్రాణమైన స్నేహితురాలు. మనవరాలో మనవడో పుట్టబోతున్నాడన్న కబురుకు ఇంత బాధపెట్టే శక్తి ఎక్కడిది?

మరొక సంగతి కూడా ఉంది, అది మీకు తట్టినట్టు లేదు. కడుపుతో ఉన్న పిల్ల సంగతి ఒకరికి దాచారంటే మన వైపు జనం దానికి ఒకే అర్థం తీస్తారు. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందనుకునే చోట, గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టకుండా, లేస్తున్న గోడల ముందు దిష్టిబొమ్మ పెట్టకుండా ఇల్లు పూర్తికాని చోట, అందరికీ చెప్పి ఒక్కరికి మాత్రం చెప్పకపోవడం ఆ ఒక్కరి కన్ను మంచిది కాదని తీర్పు ఇవ్వడమే. అందులోనూ ఆవిడ, కూతురి కాపురం నిలవని తల్లి. శుభకార్యాలకు వెళ్ళినప్పుడు వెనక నుంచి వినబడే మాటలు ఈ రెండేళ్ళలో ఆవిడకు బాగా అలవాటై ఉంటాయి. అటువంటి మనిషి "నా బాధ చూడలేక దాచింది పాపం" అని మీ తరఫున ఆలోచిస్తుందని ఆశించలేం. "నా కళ్ళు, నా కూతురి కళ్ళు ఆ పిల్ల మీద పడకూడదనుకుంది" అన్న ఊహే ముందుగా వస్తుంది. పైగా దిష్టి మాట మీ ఇంట్లో నిజంగానే వినబడింది, మీవారి నోట. ఆ మాట మీ మనసులో లేదని మీకు తెలుసు. ఆవిడకు తెలిసే దారి ఏది?

గర్భం నిలిచిన కబురు మూడో నెల దాటేదాకా బయటపెట్టకూడదన్న పెద్దల మాటను నేను తీసిపారేయడం లేదు. గర్భస్రావాల్లో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతాయి. పదిమందికీ చెప్పుకున్నాక జరగరానిది జరిగితే, ఆ పదిమందికీ మళ్ళీ చెప్పుకోవలసిన బాధ ఆ పిల్లకు తప్పుతుంది కాబట్టి ఆ కట్టుబాటులో వివేకం ఉంది. కానీ అది అందరికీ వర్తించే గడువు. మీరు పెట్టిన గడువు ఒక్క మనిషికి, దానికి చివరి తేదీ కూడా లేదు. ఆవిడ అప్పులు తీరాక చెబుదామనుకున్నారా, పురుడు వచ్చాక చెబుదామనుకున్నారా? బహుశా ఏదీ గట్టిగా అనుకోలేదు, రేపు చూద్దామని రోజులు గడిపారు. ఇలా దాచేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరూ మంచివాళ్ళే.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎమ్మా లెవీన్, ఆమె సహ పరిశోధకులు సరిగ్గా ఈ విషయాన్నే పరీక్షించి చూశారు. తమకు దక్కిన విజయాన్ని ఎదుటివారి కోసమని దాచడం, ఆ సంగతి బయటపడ్డప్పుడు, చెప్పడం కంటే ఎక్కువ దూరాన్ని పెంచుతోందని వాళ్ళు గమనించారు. "నేను తట్టుకోలేనని నా తరఫున తనే నిర్ణయించేసింది" అని విన్నవారు చిన్నబుచ్చుకుంటారు. ఎక్కడో అమెరికాలో చేసిన పరిశీలన మన కాలువ గట్టు మీది ఊళ్ళకు ఎంతవరకు వర్తిస్తుందని అనుమానం రావచ్చు గానీ, ఈ ఒక్క విషయంలో మన పిలుపుల పద్ధతిలోనే ఆ గ్రహింపు ఉంది.

గోదావరి జిల్లాల్లో శుభకార్యానికి పిలవడానికి ఒక వరస ఉంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు. భార్యాభర్తలు వెళ్ళి బొట్టు పెట్టి పిలవవలసిన ఇళ్ళు వేరు, మగవాళ్ళు వెళ్ళి నోటిమాటగా చెబితే సరిపోయే ఇళ్ళు వేరు, ఎవరిచేతనైనా కార్డు పంపితే చాలనుకునే ఇళ్ళు వేరు. పెళ్ళిలో ఎన్ని రకాలు వడ్డించారన్నది కొన్నాళ్ళకు మరిచిపోతారు. "మా ఇంటికి బొట్టు పెట్టడానికి రాలేదు" అన్నది మాత్రం తరువాతి తరం కూడా చెప్పుకుంటుంది. బాగా దగ్గరివాళ్ళకు కార్డులు అచ్చుకు ఇవ్వకముందే, ముహూర్తం పెట్టించిన రోజునే కబురు అందుతుంది. సారె వచ్చినప్పుడు తాపేశ్వరం కాజాలైనా ఆత్రేయపురం పూతరేకులైనా వీధిలో పంచేముందు ఏ ఇంటికి ముందు వెళ్ళాలో, ఏ ఇంటికి ఎన్ని వెళ్ళాలో ఇంటి పెద్దావిడ దగ్గరుండి చూసుకుంటుంది. ఇదంతా వట్టి పట్టింపు అని నవ్వేవారున్నారు, కొన్ని ఇళ్ళల్లో అది ముదిరి తగవులయ్యే తీరు చూస్తే నాకూ నవ్వొస్తుంది. కానీ దాని వెనక ఉన్న గ్రహింపు తప్పు కాదు. కబురు ఏమిటన్నదానితో పాటు అది ఎవరి నోట విన్నాం, ఎంతమంది తరువాత విన్నాం అన్నది కూడా మనిషికి పట్టింపే. మీకు అందరికంటే ముందు చెప్పవలసిన ఇల్లు ఆవిడది. ఆ వరసలో ఆవిడను మీరు కార్డు కూడా అందని ఇళ్ళలోకి తోసేశారు.

ఇక వెళ్ళడం గురించి. "రేపు మధ్యాహ్నం వస్తున్నాను, ఇంట్లో ఉండు" అని ఒక్క వాక్యం రాసి, జవాబు కోసం చూడకుండా వెళ్ళండి. మధ్యాహ్నం భోజనాలై ఇంట్లో సందడి తగ్గే వేళ మంచిది. పళ్ళబుట్టలు, స్వీటు డబ్బాలు, చీరలు వద్దు. ఇన్నేళ్ళూ మీ పెరట్లోంచి ఏం పట్టుకెళ్ళేవారో అదే పట్టుకెళ్ళండి. కూర్చున్నాక అటూ ఇటూ తిప్పకుండా అసలు మాట చెప్పేయాలి. "మా అమ్మాయి సంగతి అందరికంటే ముందు నీకే చెప్పాల్సింది. చెప్పలేదు, వాళ్ళ చేత కూడా చెప్పనివ్వలేదు. దిష్టి అని మాత్రం కాదే, మా మంచి కోరేవాళ్ళలో నీ తరువాతే ఎవరైనా. నువ్వు బాధపడతావని నాకు నేనే ఊహించుకున్నాను. అది నేను చేసిన తప్పు." ఇంతకంటే పెద్ద ఉపన్యాసం అక్కరలేదు. అయితే దిష్టి అన్న మాట మాత్రం మీ నోటితో మీరే ఎత్తాలి. మీరు ఎత్తకపోతే ఆవిడ ఎప్పటికీ ఎత్తదు, మీ ఇద్దరి మధ్య అది అలాగే ఉండిపోతుంది.

చెప్పకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "నీ పరిస్థితి అలా ఉంది కదా అని" అంటూ కారణాలు వివరించబోతే ప్రతి కారణమూ తిరిగి తిరిగి ఆవిడ చెరువుల దగ్గరికి, ఆవిడ కూతురి విడాకుల దగ్గరికి చేరుతుంది. మీ తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళి ఆవిడ కష్టాలు ఏకరువు పెట్టి వచ్చినట్టవుతుంది. "నీకూ మంచి రోజులు వస్తాయిలే" అన్న ఓదార్పు కూడా ఆ పూటకు వద్దు. ఆవిడ కోపంగా నాలుగు మాటలంటే వినండి, అడ్డు చెప్పకండి. ఆవిడ నవ్వుతూ "అయ్యో, నేనేం అనుకోలేదు, పనుల్లో పడి ఫోన్ చూడలేదు" అంటూ కాఫీ ఇచ్చి పంపేస్తేనే ఎక్కువ కష్టం. అప్పుడు కూడా మీరు చెప్పవలసింది చెప్పి రండి. ఒక్క మధ్యాహ్నంలో అంతా సర్దుకోవాలని పట్టుబట్టకండి.

అదే కూర్చోవడంలో మీ మూడు కబుర్లూ మీ నోటితోనే పూర్తిగా చెప్పండి. తగ్గించి చెప్పడం మన ఆడవాళ్ళకు ఒక అలవాటు: "ఏదోలే, చిన్న ఉద్యోగమే", "ఇల్లంటే ఇల్లా, అప్పు చేసి కట్టిందే". ఎదుటివారి కష్టం చూసి మన సంతోషాన్ని కుదించి చూపిస్తే వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది, అది కూడా దాచడంలో ఒక రకమే. అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని వినగానే మీకు ఏమనిపించిందో, నాలుగేళ్ళు ఎదురుచూసిన మీ అమ్మాయి ఆ కబురు ఫోన్‌లో ఎలా చెప్పిందో చెప్పండి. ఆ నాలుగేళ్ళలో మీ దిగులు విన్న మనిషి ఆవిడే అయి ఉంటుంది కదా. దిగుళ్ళన్నీ విని కబురు మాత్రం వినకుండా పోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి. వదిలేయవలసినవి అంకెలు. జీతం ఎంత, గ్రానైట్ ఎక్కడిది, తలుపులకు టేకు ఎంత పట్టింది అన్నవి ఆవిడ అడిగితే చెప్పవచ్చు, అడగకపోతే అవి లేకపోయినా కబురుకు లోటేమీ లేదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆపిన వాక్యం మరొకటి ఉంది. ఆవిడ కూతురు నరసాపురంలో ఎవరితోనో కలిసి ఏదో లేసు పని చేయిస్తోందట అని రాశారు. మీ అబ్బాయి ఉద్యోగం మీ ఇంటి శుభాల్లో మొదట చేరింది. ఈ అమ్మాయి పని ఆవిడ కష్టాల చివర, అప్పులు, విడాకుల తరువాత చేరింది. ఆ పని గురించి మీకు తెలియనిది ఉండదు, మీ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఇప్పటికీ క్రోషియా సూది పట్టిన చేతులు ఎన్నో ఉంటాయి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వెంట గోదావరి ప్రాంతానికి వచ్చిన ఈ అల్లిక నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఊళ్ళల్లో తరాల తరబడి ఆడవాళ్ళ మధ్యాహ్నాలను తినేసింది. ఎగుమతి చేసే షావుకారు నుంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి ఇంటికి దారం వస్తుంది. అల్లిన ముక్కలు అదే దారిన తిరిగి వెళతాయి. అల్లినవారి చేతికి మాత్రం మిగిలేది బహు తక్కువ. ఈ మధ్య నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సీతారామపురంలో లేసు ట్రేడ్ సెంటర్ కూడా ఉంది, అయినా అల్లేవారు అల్లించేవారుగా మారడం తేలికైన పని కాదు. నమూనా చూసి దారం లెక్క కట్టాలి, పది ఇళ్ళకు పని పంచాలి, వచ్చిన ముక్కల్లో వంకరవి ఏరి అతుకుపనికి ఇవ్వాలి, చెప్పిన తేదీకి సరుకు అప్పగించాలి, డబ్బు ఆలస్యమైనా కూలి ఆపకుండా ఇవ్వాలి. కాపురం చెడి పుట్టింటికి వచ్చిన పిల్ల ఇలాంటి పనిలో నిలబడుతూ ఉంటే, అది మీ అబ్బాయి ఉద్యోగానికి ఏ విధంగానూ తక్కువ కాని కబురు.

ఆ కబురు మీకు ఆవిడ చెప్పిందా, మరెవరో చెప్పారా? రాసిన తీరు చూస్తే ఎవరో చెప్పగా విన్నట్టుంది. అలాగైతే ఆవిడ కూడా తన ఇంటి మంచి కబురును మీకు చెప్పలేదన్నమాట. హైదరాబాదు ఉద్యోగాలు, డాబాలు, ప్యాకేజీల మధ్య తన కూతురి లేసు పని చెప్పుకుంటే ఎవరైనా "పోనీలే, కాలక్షేపంగా ఉంటుంది" అంటారేమోనని వెనక్కి తగ్గి ఉండవచ్చు. ఇక్కడ నేను ఊహిస్తున్నాను, తప్పయితే మంచిదే. కానీ మీరు ఆ మధ్యాహ్నం అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయంటే ఇవే: అమ్మాయి పని ఎలా సాగుతోంది, ఆర్డర్లు ఎవరిస్తున్నారు, ఎంతమంది అల్లుతున్నారు, తను చేయించినవి ఒకటి రెండు చూపిస్తావా? జాలితో కొనుక్కోకండి. నచ్చితే మాత్రం కొత్త ఇంటికి టేబుల్ క్లాత్ కావాలని అందరికీ చెప్పినట్టే ధర కనుక్కుని కొనండి.

అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త షెల్లీ గేబుల్, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధనలో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. మంచి కబురు చెప్పుకోవడం వల్ల ఆ కబురు ఇచ్చే సంతోషానికి పైన మరికొంత సంతోషం కలుగుతుంది; బంధం బలపడేది మాత్రం విన్నవారు ఎలా స్పందించారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. వాళ్ళు చెప్పిన నాలుగు రకాలూ మన సంక్రాంతి కబుర్లలో రోజూ కనిపించేవే. అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని మీరంటే, "అబ్బ, ఎప్పుడు తెలిసింది, వాడేమన్నాడు, ఎప్పుడు చేరాలి?" అని అడిగేవారు ఒకరు. "మంచిదే" అని ఊరుకునేవారు ఒకరు. "హైదరాబాదులో అద్దెలకే సరిపోతుందిలే" అని చల్లార్చేవారు ఒకరు. "మా ఆడపడుచు కొడుక్కి కూడా..." అంటూ సంగతి తమ వైపు లాక్కుపోయేవారు ఒకరు. మీ స్నేహితురాలు పంపిన పూలగుత్తి రెండో రకానికి చెందింది, దానికి కారణం మీకు ఇప్పుడు తెలుసు. ఆవిడ కూతురి విషయంలో మీరంతా కలిసి ఇన్నాళ్ళుగా ఏ రకంలో ఉన్నారో కూడా చూసుకోండి.

"ఓర్వలేకపోతే అది ఆవిడ తప్పు" అన్న మీ మరో స్నేహితురాలి మాటలో కొంచెం నిజం ఉంది, ఆవిడ అనుకున్న నిజం కాదు. మీ అమ్మాయి నిండు కడుపుతో ఉందని విన్నప్పుడు తన కూతురు గుర్తొచ్చి ఆ తల్లికి గుండె కలుక్కుమనే ఉంటుంది. కలుక్కుమనడాన్ని అసూయ అనడం నాకు నచ్చదు. మీ మీద ప్రేమా, తన బిడ్డ మీద దిగులూ ఒకే మనసులో ఒకే క్షణంలో ఉండగలవు. కాబట్టి ఆవిడ ముఖంలో వట్టి ఆనందమే కనిపించాలని ఎదురుచూడకండి. ఒక నిమిషం మాట రాకపోతే రాకపోనివ్వండి.

డెల్టాలో బతికేవాళ్ళం మనకు ఇది కొత్త కాకూడదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో మేడలు లేపిన ఇళ్ళలో చాలావాటిని 1994-95 నుంచి తెల్లమచ్చ వైరస్ కిందికి దించింది; 2009 తరువాత వనామి రకం రొయ్య వచ్చి మళ్ళీ కొందరిని నిలబెట్టింది; 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువులున్న ప్రతి ఇంట్లోనూ నిద్ర పట్టని రాత్రులు గడిచాయి. లీజు సొమ్ము ముందే కట్టి, సీడుకూ మేతకూ అప్పు చేసిన రైతు, వైరస్ కనిపించిన రోజున రొయ్య 100 కౌంట్ దగ్గరే, అంటే కిలోకు వంద తూగే చిన్న సైజులోనే ఉన్నా, వచ్చిన ధరకు పట్టి అమ్మేసి ఒడ్డున పడవలసిందే. అందులో ఆయన తెలివితక్కువతనం ఏమీ లేదు. "హాయిగా వరి వేసుకోక ఎందుకు వెళ్ళారు" అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటనైనా ఉంటే గృహప్రవేశం నాటికి అది ఆగిపోవాలి. బాగున్నవాళ్ళు బాగున్నవాళ్ళకే కబుర్లు చెప్పుకునే పద్ధతి పెట్టుకుంటే ఈ నేల మీద ఏ స్నేహమూ రెండు పంటలు నిలవదు.

పిలుపు రోజున కార్డు మీద పేర్లు రాసేటప్పుడు కూతురి పేరు విడిగా రాయండి, బొట్టు తల్లికీ కూతురికీ ఇద్దరికీ పెట్టండి. ఇక్కడ మీరు ముందుగా తేల్చుకోవలసింది మీ ఇంట్లోనే ఉంది. విడాకులైన ఆడపిల్ల శుభకార్యంలో ముందుకు రాకూడదనే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పాలు పొంగించే వేళ ఆ అమ్మాయిని ఎవరైనా పక్కకు జరగమన్నా, వచ్చిన ఆడవాళ్ళకు పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క ఇచ్చే చేయి ఆమె దగ్గరకు వచ్చేసరికి ఆగినా, మీరు ఇన్ని మైళ్ళు తిరిగి సరిచేసుకున్నదంతా ఆ క్షణంలో పోతుంది. మీ అత్తగారితో, ఆడపడుచులతో, మీవారితో ఈ మాట ముందే గట్టిగా చెప్పండి. వాళ్ళు ఒప్పుకోకపోతే తాంబూలాలు ఇచ్చే పని మీరే చేతిలోకి తీసుకోండి. మీవారి దిష్టి భయానికి గుమ్మడికాయ ఉంది, హారతి ఉంది, వాటితో సరిపెట్టుకోమనండి.

గ్రూపు సంగతి చిన్నదే. ఆ నలుగురికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పవద్దన్నది మీరే కాబట్టి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా మీరే చెప్పండి. గృహప్రవేశం ఫోటోలు గ్రూపులో పెట్టడంలో ఏ తప్పూ లేదు. పొరపాటున ఫోటో పెట్టిన ఆవిడ మీద కోపం ఉంటే వదిలేయండి. నిజం చెప్పాలంటే ఆవిడ మీకు మేలే చేసింది. ఇంకా ఆలస్యంగా, ఏ ఉయ్యాల వేడుక ఫోటోతోనో తెలిసి ఉంటే వెళ్ళి కూర్చోవడానికి కూడా ముఖం చెల్లేది కాదు.

మీ అమ్మాయి సూడిదలకు పిలవాలా అని మీరు అడగలేదు గానీ, ఏడో నెల దగ్గరపడుతోంది కాబట్టి ఆ ప్రశ్న రాబోతోంది. దాన్ని మీరు నిర్ణయించకండి, ఆవిడనే అడగండి: "వస్తావా, నీకు ఇబ్బందిగా ఉంటుందా, ఏదైనా నాకు చెప్పు" అని. వస్తానంటే గాజులు తొడిగించే వరసలో ఆవిడను ముందు కూర్చోబెట్టండి. రానంటే ఒక్కసారికే ఊరుకోండి, రెండోసారి బతిమాలవద్దు, మిగతావారితో ఆ సంగతి చర్చించవద్దు. పురుడు వచ్చిన రోజు మాత్రం ఆసుపత్రి వరండాలో నిలబడి ముందు వియ్యపురాలికి, ఆ వెంటనే ఆవిడకు ఫోన్ చేయండి. గ్రూపులో సాయంత్రం పెట్టవచ్చు.